స్టీఫెన్ హిస్లాప్

జనగామలో రైలెక్కి కిటికీప్రక్కన కూర్చుండినచో కాజీపేట చేరువరకు ఇరువైపులను గుట్టలే కనిపించును. ఎవరో పేర్చినట్లు ఒకదానిపై నొకటి నిలిచిన గుండ్లు, వాని నడుమ చెరువులు, కట్టలపై తాటిచెట్లు. ఆ గుండ్లు గ్రానైటు శిలలు. అవి పుట్టి రమారమి 250 కోట్ల సంవత్సరములైనది. వానిని ఎంత పగులగొట్టినను ఒక చేపముల్లైనను దొరకదు. భూగర్భమున కరిగియుండిన పదార్థము చల్లారి గడ్డకట్టుటచే ఆ శిల యేర్పడినది. అదియునుగాక, ఆనాటికి భూమిమీద ఎముక గల ప్రాణి యొక్కటియు పుట్టియుండలేదు.

వరంగల్లు దాటి మహబూబాబాదు చేరి, అచ్చటినుండి గూడూరు, బయ్యారముల వైపు అడవిలోనికి పోయినచో నేల మారును. పాఖాల చెరువు పేరనే పాఖాల శిలలని శాస్త్రజ్ఞులు పిలుచు ఇసుకరాళ్ళు, సున్నపురాళ్ళు, పలకరాళ్ళు ఆ ప్రాంతమున పొరలుపొరలుగా నుండును. నీటి అడుగున పేరుకొనిన ఇసుకయు మట్టియు కాలక్రమమున గట్టిపడగా నివి యేర్పడినవి. వీని వయస్సు నూరు కోట్ల సంవత్సరములకు పైమాటయే. కంటికి కనబడని జీవులు చాపలవలె అల్లుకొని పెరిగిన గురుతులు వీనియందు కలవు గాని, ఎముకలు మాత్రము లేవు.

ఉత్తరముగా భూపాలపల్లికి పోయినచో అచ్చట సింగరేణి గనులలో బొగ్గు త్రవ్వుచుందురు. సుమారు 27 కోట్ల సంవత్సరములకు పూర్వము బురదనేలలలో పెరిగి కూలిన అడవులే ఆ బొగ్గు. భూపాలపల్లి దాటి కాళేశ్వరము చేరినచో గోదావరీ ప్రాణహితల సంగమము కనబడును. వంతెనకు ఆవలియొడ్డున సిరోంచ. సిరోంచకు ఉత్తరముగా సుమారు 8 మైళ్ళ దూరమున ప్రాణహిత ఎడమగట్టున కోట అను చిన్న గ్రామము కలదు. అచ్చటి సున్నపురాళ్ళను చీల్చినచో లోపల చేపలుండును. పొలుసులతో, రెక్కలతో, తోకతో, రాయియైపోయిన చేపలు! ఇట్లు రాయిగా మారిన ప్రాణిశేషమును శిలాజమందురు.

నేను ఉపాధ్యాయుడనుగా నున్న దినములలో, గనికార్మికుని కుమారుడొకడు తండ్రి తెచ్చియిచ్చిన నల్లని పలకరాతి ముక్కను నా బల్లపై నుంచెను. దానిమీద నాలుకవంటి ఆకు అచ్చు స్పష్టముగా నుండెను. దీనిని చెక్కినవారెవరని ఆ బాలుడు నన్నడిగెను. చెక్కినవా రెవరును లేరని చెప్పితిని గాని, ఆ ఆకు పేరు గ్లోసాప్టెరిస్ అని తెలిసికొనుటకు నాకు వారము దినములు పట్టెను. ఆ వెదకులాటలోనే హిస్లాప్ అను పేరు తొలిసారిగా నా కంట బడినది. ఆయన నాబోటి బడిపంతులే యగుటచే ఆ పేరు నన్ను విడువలేదు.

స్టీఫెన్ హిస్లాప్ 1817వ సంవత్సరము సెప్టెంబరు 8వ తేదీన స్కాట్లండు దేశమందలి డన్స్ అను పట్టణమున జన్మించెను. ఎడింబరో, గ్లాస్గో విశ్వవిద్యాలయములలో చదివెను. క్రైస్తవ మత బోధకుడుగా 1844లో నియమితుడై భార్యతో ఓడయెక్కి ఆ సంవత్సరాంతమున బొంబాయి చేరెను. 1845 ఫిబ్రవరిలో నాగపురము ప్రవేశించెను. అప్పుడు నాగపురము భోంస్లే రాజుల రాజధాని. అది నేటికిని మన తెలుగువారికి పొరుగూరే. ఆ కాలమున సమీపమందలి కాంఠీ దండులో మద్రాసు పటాలములు విడిసియుండుటచే అచ్చట తెలుగు, అరవము మాటలాడు సిపాయిలును ఉండిరి.

హిస్లాప్ మరాఠీ నేర్చెను. 1846లో బడి పెట్టెను. ఉదయము పాఠము, సాయంత్రము బోధ, శీతకాలమున గ్రామసంచారము. ఇదియే ఆయన జీవితము. 1847లో రాబర్టు హంటర్ అను తోటి బోధకుడు వచ్చి చేరెను. ఇద్దరికిని చెట్టు, పురుగు, రాయి అనిన ప్రీతి. ప్రీతి యుండుట వేరు, వసతి యుండుట వేరు. అప్పటి నాగపురమున వస్తుప్రదర్శనశాల లేదు, శాస్త్రగ్రంథాలయము లేదు, దొరకిన ఎముక నెవరిదని అడిగి తెలిసికొనుటకు పండితుడు లేడు. పుస్తకము కావలసినచో బొంబాయినుండి ఎడ్లబండిపై రావలెను. రైలు నాగపురము చేరినది 1867లో, అనగా హిస్లాప్ మరణించిన నాలుగేండ్లకు.

1851లో ఇద్దరును ఊరికి సమీపమందలి టాక్లి అను చోట నడచుచుండగా, నల్లరాతి పొరలమధ్య నున్న సన్నని పొరలో నత్తగుల్ల యొకటి రాయియై కనబడెను. దక్కను పీఠభూమిలోని నల్లరాయి యంతయు ఒకనాడు భూమి పగుళ్ళనుండి పొంగి ప్రవహించిన శిలాద్రవమే. ఒక ప్రవాహమునకును మరియొక ప్రవాహమునకును నడుమ వేలకొలది సంవత్సరములు నేల శాంతముగా నుండెను. అప్పుడు చెరువులు నిండినవి, నత్తలు పుట్టినవి, చెట్లు పెరిగినవి. మరల శిలాద్రవము వచ్చి అన్నిటిని కప్పివేసినది. ఆ గుల్లను చూచిన దినమునుండి హిస్లాప్ కన్నులకు నాగపుర పరిసరములు మారిపోయినవి. గుల్లలు, గింజలు, పురుగు రెక్కలు, ఆకులు, ఎముకలు, ఏవి దొరకినను ఊరుపేరు వ్రాసి భద్రపరచి, తెలియనివానిని లండనునకు పంపుచుండెను. పురుగు రెక్క నొక పండితుడు, ఆకు నొక పండితుడు, ఎముకను మరియొక పండితుడు పరీక్షించి పేరు పెట్టుచుండిరి. ఆయనయు హంటరును కలిసి వ్రాసిన నాగపుర ప్రాంత భూగర్భ వృత్తాంతము 1855లో లండను భూగర్భశాస్త్ర సంఘపు పత్రికలో వెలువడెను. ఆ యేడే హంటర్ ఈ దేశమును విడిచిపోయెను. హిస్లాప్ నిలిచెను.

ఆయన సేకరణలో వెన్నెముక గల జంతువుల శేషములు పెద్ద లెక్కకు రావు. కాని అవి ఒక్కొక్కటియు ఒక్కొక్క యుగమునకు చెందినవి. చేప, కప్ప, బల్లి, పక్షి, ఆవు, మనుష్యుడు — వీరందరికిని వీపున ఎముకల పూసలు గ్రుచ్చినట్లుండు వెన్ను కలదు. తలలో మెదడును కాపాడు పుర్రె కలదు. ఈ కుటుంబమంతయు నీటిలో పుట్టి కాలక్రమమున కొంత నేలకెక్కినది. ఆ యెక్కిన దారిలోని మెట్లు కొన్ని నాగపురమునకును కాళేశ్వరమునకును నడుమ భూమిలో నున్నవి. హిస్లాప్ చేతికి ముందుగా చిక్కినది నడిమి మెట్టు.

నాగపురమునకు దక్షిణముగా చాందా సీమలో మాంగలి అను గ్రామము కలదు. అచ్చటి ఎఱ్ఱని ఇసుకరాతిలో దొరకిన పుర్రె నొకదానిని హిస్లాప్, హంటరులు లండనునకు పంపిరి. రిచర్డు ఓవెన్ అను ప్రసిద్ధ శరీరశాస్త్రవేత్త దానిని 1855లో వర్ణించి బ్రాకియాప్స్ లాటిసెప్స్ అని పేరు పెట్టెను. పొట్టిమొగము, వెడల్పుతల గలదని దాని యర్థము. అది కప్పలకు దూరపు చుట్టమైన ఉభయచరము. సుమారు 25 కోట్ల సంవత్సరములకు పూర్వము నీటిలోను గట్టునను తిరిగినది. దీని వంశములోని జంతువుల పంటిని అడ్డముగా కోసినచో లోపల పద్మవ్యూహమువలె ముడుతలు తిరిగిన చారలుండును. కప్ప పుర్రెను ఎప్పుడైనను చూచినచో వెనుకభాగమును గమనింపుడు. మెడతో కలియుచోట రెండు బొడిపెలుండును. బల్లికిని, పామునకును, కోడికిని ఒక్కటే యుండును. మనకును రెండే గాని, మనము వానిని కప్పలనుండి నేరుగా తెచ్చుకొనలేదు; మన వంశము వేరొక దారిని నడచి ఆ రెంటిని సంపాదించినది. చిన్న బొడిపె నొకదానిని చూచి ఇంత చెప్పవచ్చును గనుకనే శరీరశాస్త్రజ్ఞులు ఎముక ముక్కను బంగారమువలె చూతురు.

ఇక కోట గ్రామపు చేపలు. వీనిని కనుగొనినవాడు హిస్లాప్ కాడు. ఆయనకు ముందే డాక్టరు వాకర్ మొదలగువారు ఆ రాళ్ళను చూచియుండిరి. 1851లో కర్నల్ సైక్స్ ఆ చేప నొకదానిని లండను పండితుల యెదుట నుంచగా ఎగర్టన్ అను మత్స్యశాస్త్రజ్ఞుడు దానికి లెపిడోటస్ దక్కనెన్సిస్ అని పేరు పెట్టెను. అనగా దక్కను చేప. అప్పుడు ఆ గ్రామము హైదరాబాదు రాజ్యములోనిది. 1860లో గోదావరి ఎడమగట్టు తాలూకాలను ఇంగ్లీషువారికి వదలినప్పుడు అదియు వెళ్ళిపోయినది. మన చెరువులలోని బొచ్చె, రవ్వ చేపలకు పొలుసులు గుండ్రముగా, పలుచగా నుండి ఇంటికప్పు పెంకులవలె ఒకదానిపై నొకటి వాలియుండును. కోట చేపకు అట్లు గాదు. పొలుసులు నలుచదరపు పలకలవలె నుండి, పైన పింగాణివంటి మెరుపు గల పూతతో కవచమువలె ప్రక్కప్రక్కన అతుకుకొనియుండును. అట్టి పొలుసులు గల చేపలు నేడు ఆఫ్రికా, ఉత్తర అమెరికా నదులలో ఏ రెండు మూడు వంశములకో మిగిలినవి. హిస్లాప్ ఈ కోట చేపల ఆధారముతో తన ప్రాంతపు శిలలకు వయస్సు నిర్ణయించుటకు పూనుకొనెను.

ఇచ్చట ఆయన పొరబడెను. కోట చేపలు జురాసిక్ యుగమునకు చెందినవి. దానికి నేటి లెక్క సుమారు 18 కోట్ల సంవత్సరములు. నాగపురపు ఇసుకరాళ్ళలోని గ్లోసాప్టెరిస్ ఆకులును, ఉమరేడు బొగ్గును ఇంచుమించు అదే కాలమునకు చెందినవని ఆయన వాదించెను. అవి అంతకంటె తొమ్మిది పది కోట్ల సంవత్సరములు పాతవని తరువాతివారు తేల్చిరి. ఆ రోజులలో రాతి వయస్సును లెక్కించు సాధనము లేదు. దొరకిన ప్రాణిని ఐరోపాలోని ప్రాణితో పోల్చి చెప్పవలసినదే. గ్లోసాప్టెరిస్ ఆకు ఐరోపాలో లేదు. పోల్చుటకు తోడు లేని వస్తువును బట్టి లెక్క చెప్పినవాడు తప్పుట వింత గాదు. వింత యేమనగా, ఆ తప్పును దిద్దుటకు పనికివచ్చిన వస్తువులలో పెక్కు ఆయన పోగుచేసి ఊరుపేర్లతో భద్రపరచినవే.

ఆయన సంపాదించిన వానిలో నాకు అన్నిటికంటె గొప్పగా తోచునది మాలేరి దంతము. ఆసిఫాబాదు ప్రాంతమున మాలేరి అను గ్రామమువద్ద ఎఱ్ఱని బంకమన్ను నేల కలదు. వానలు కురిసి మన్ను కోసికొనిపోగా ఎముకముక్కలు తమంతట తామే పైకి తేలును. ఇది సుమారు 22 కోట్ల సంవత్సరముల నాటి నదీమైదానపు మన్ను. అచ్చటినుండి హిస్లాప్ కొన్ని విచిత్రమైన దంతములను సంపాదించెను. అవి మొనదేలిన పండ్లు గావు. అరచేతిలో నిముడు గట్టి పలక. దాని యొక అంచునుండి గట్లు విసనకఱ్ఱ పుల్లలవలె విచ్చుకొని యుండును. నోటిలో పైన రెండు, క్రింద రెండు అట్టి పలకలుంచి, తిరుగలి రాళ్ళవలె నూరుటకు అవి యేర్పడినవి.

ఇట్టి దంతములు ఐరోపాలో అంతకుముందే దొరకియుండెను. 1830లలో అగాసీ అను పండితుడు వానికి సెరటోడస్, అనగా కొమ్ముపన్ను, అని పేరు పెట్టి ఏదో సొరచేప జాతివని తలంచెను. దంతము తప్ప మరేమియు నెవరికిని తెలియదు. భారత భూగర్భ పరిశోధనశాఖకు అధిపతియైన థామస్ ఓల్డ్‌హామ్ 1859లో మాలేరి దంతములను పరీక్షించి మూడు జాతులుగా విభజించెను. ఒకదానికి హిస్లాప్ పేరు, ఒకదానికి హంటర్ పేరు పెట్టెను. మూడవదానికి వీరప అను పేరు పెట్టెను. శాస్త్రగ్రంథములలో లాటిను పేర్లమధ్య ఆ వీరప కనబడినప్పుడు మన తెలుగువానికి ఎవరో ఎరిగినవాడు ఎదురైనట్లుండును.

1859 అనగానే ప్రాణిశాస్త్ర మెరిగినవారికి మరియొకటి జ్ఞప్తికి వచ్చును. ఆ సంవత్సరమే డార్విన్ తన పరిణామవాద గ్రంథమును ప్రకటించెను. ఒక జాతి నుండి మరియొక జాతి కాలక్రమమున పుట్టుచు వచ్చినదనుట నిజమైనచో, చేపకును నేలజంతువునకును నడుమనుండు ప్రాణి యేదో ఒకప్పుడు జీవించి యుండవలెను. అట్టి ప్రాణి బంధువుల దంతములు అప్పటికే నాగపురమందలి బడిపంతులు చేతిలో నుండెను. అది చేప దంతమని ఆయనకు తెలియును. ఆ చేప ఎట్టిదో ఆయనకే గాదు, ప్రపంచమున నెవరికిని తెలియదు.

ఇన్ని పనులు చేయుచు హిస్లాప్ బడిని వదలలేదు. గోండుల గ్రామములకు పోయి వారి మాటలను, ఆచారములను, పాటలను వ్రాసికొనెను. ఊళ్ళ వెలుపల పెద్దబండలు వలయముగా నిలిపిన పాతకాలపు సమాధులను పరిశీలించెను. అట్టి రాతివలయములు మన తెలంగాణమునను పలుచోట్ల కలవు. వానిని మనవారు రాకాసిగుళ్ళందురు. ఈ సమాధులే ఆయన చివరి ప్రయాణమునకు కారణమయ్యెను.

1863 సెప్టెంబరు మాసము. మధ్యపరగణాల ముఖ్యాధికారి రిచర్డు టెంపుల్ నాగపురమునకు దక్షిణముననున్న టాకల్‌ఘాట్ వద్ద ఆ రాతివలయములను త్రవ్వించి చూడ సంకల్పించి హిస్లాపును వెంట రమ్మనెను. 4వ తేదీన త్రవ్వకము ముగిసిన పిదప టెంపుల్ బోరి గ్రామము దగ్గరి విడిదికి మరలిపోయెను. హిస్లాప్ మాత్రము ఆ యూరి బడిని చూచిపోవలెనని వెనుక నిలిచెను. బడిపంతులకు మరియొక ఊరి బడి కనబడినచో కాలు కదలదు; ఆ సంగతి నే నెరుగుదును. ఆయన గుఱ్ఱమెక్కి బయలుదేరునప్పటికి పొద్దుగ్రుంకినది. వానాకాలపు వాగు. ఉదయము దాటినప్పుడు లోతులేని చోట ఇప్పుడు నీరు పొంగియుండెను. చీకటిలో ఆయన ఆ నీటిలో దిగెను. కొంతసేపటికి రౌతు లేని గుఱ్ఱము విడిది చేరెను. దివిటీలతో పరుగెత్తినవారికి వాగులో ఆయన శవము దొరకెను. మరి నాలుగు దినములకు ఆయనకు నలువదియారు సంవత్సరములు నిండవలసియుండెను.

మాలేరి ఎముకలను, దంతములను గూర్చి ఆయన పంపిన సమాచారము మరుసటి సంవత్సరము, 1864లో, లండను పత్రికలో అచ్చయ్యెను. గోండులను గూర్చిన కాగితములను టెంపుల్ 1866లో ప్రకటించెను. తరువాతి కథ హిస్లాప్ లేని కథ.

1869లో థామస్ హక్స్లీ మాలేరి నేలనుండి వచ్చిన దవడలను పరీక్షించెను. అవి హైపరోడాపెడాన్ అను సరీసృపమువి. పంది యంత పొడవు, చిలుకముక్కువంటి మూతి. పైదవడలో వరుసలు వరుసలుగా పండ్లు, వాని మధ్య గాడి. క్రిందిదవడ ఆ గాడిలో అడకత్తెరవలె దిగును. గట్టి వేళ్ళను, కాడలను కొరికి తినుట కది తగిన ఏర్పాటు. ఈ జంతువును హక్స్లీ అంతకు పదేండ్లకు పూర్వమే మరియొక చోటినుండి వచ్చిన ఎముకలనుబట్టి వర్ణించియుండెను. ఆ చోటు హిస్లాప్ పుట్టిన స్కాట్లండు దేశమే. అచ్చటి ఎల్గిన్ ఇసుకరాతిలోను, మన ఆసిఫాబాదు ఎఱ్ఱమన్నులోను ఒకే జంతువు! ఆ కాలమున ఖండములన్నియు కలిసి ఒక్క మహాభూమిగా నుండెనని, కాలినడకనే ప్రాణులు ఈ కొసనుండి ఆ కొసకు వ్యాపింపగలిగెనని నేడు మనకు తెలియును. సముద్రములు దాటి వచ్చిన మనుష్యుని కాళ్ళక్రింద ఆయన దేశపు బల్లియే యుండెను.

1870లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ ప్రదర్శనశాలాధికారియైన క్రెఫ్ట్ ఎదుటికి ఒక చేప వచ్చెను. క్వీన్సులాండు నదులలో ఎముకలు అంతగా గట్టిపడని పెద్ద చేప యున్నదని ఫార్‌స్టర్ అను పెద్దమనిషి చాల కాలమునుండి చెప్పుచుండగా క్రెఫ్ట్ నమ్మియుండలేదు. ఇప్పుడు దాని నోరు తెరచి చూచినంతనే ఆశ్చర్యచకితుడయ్యెను. లోపల విసనకఱ్ఱవలె గట్లు గల దంతపు పలకలు! అంతవరకు రాతిలో మాత్రమే యున్న సెరటోడస్ దంతము ప్రాణముతో నున్న చేప నోట కనబడినది. క్రెఫ్ట్ తన అపనమ్మకమునకు పరిహారముగా ఆ చేపకు ఫార్‌స్టర్ పేరే పెట్టెను.

ఆ చేపను కోసి చూచినవారికి మొప్పలతోపాటు ఊపిరితిత్తియు కనబడెను. నీరు చెడినప్పుడు అది పైకి వచ్చి గాలి పీల్చును. దాని రెక్క మన చెరువుచేపల రెక్కవంటిది గాదు. నడుమ ఎముకల వరుస, దానిచుట్టు కండ. మొదట ఒక్కటే ఎముక శరీరమునకు తగులుకొనియుండును. మీ చేతిని మీరే తడవి చూచుకొనుడు. భుజమునుండి మోచేతివరకు ఒక్క ఎముక, మోచేతినుండి మణికట్టువరకు రెండు, తరువాత చిన్న ఎముకల గుంపు, పిమ్మట వ్రేళ్ళు. ఇంట కోడిని కోసిన దినమున దాని రెక్కను చూడుడు. అందును ఒకటి, రెండు, తరువాత చిన్నవి. కప్ప ముందుకాలు, ఆవు ముందుకాలు, గబ్బిలపు రెక్క, అన్నిటికిని ఇదే లెక్క. ఎగురుటకును, నడచుటకును, కలము పట్టుటకును ఒకే ఎముకల కట్టును సాగదీసియో, కుదించియో, అతికియో వాడుకొనుట జరిగినది. ఆ కట్టు మొదలైనది కండగల రెక్కల చేపలలో. నేడు జీవించియున్న చేపలలో మనకు అన్నిటికంటె దగ్గరి చుట్టములు ఈ ఊపిరితిత్తుల చేపలే. మాలేరి నదిలో హైపరోడాపెడాన్ నీరు త్రాగుచుండగా ప్రక్కన మడుగులో తల పైకెత్తి గాలి పీల్చినవి వీని పూర్వులే.

హిస్లాప్ మరణమునకును ఈ చేప బయటపడుటకును నడుమ ఏడు సంవత్సరములు. ఆ వాగు ఆ సాయంత్రము పొంగకుండినచో ఆ వార్త ఆయనకు యాబది రెండవ యేట చేరియుండెడిది.

తరువాత ఆయన పేరు మరికొన్ని ప్రాణులకు చేరినది. మాలేరి మన్నులోనే దొరకిన మొసలివంటి సరీసృప మొకదానికి లైడెక్కర్ అను పండితుడు 1885లో పారాసూకస్ హిస్లాపి అని పేరు పెట్టెను. దూరమునుండి చూచినచో అది మొసలియే. దగ్గరకు పోయినచో మొసలికి మూతికొసనుండు ముక్కురంధ్రములు దీనికి కన్నుల దగ్గర నుండును. నీటిలో పొంచియుండి వేటాడుటచే రెండు వేర్వేరు వంశములు ఒకే రూపమును దాల్చినవి. నాగపురమున హిస్లాప్ బోధించిన బడి ననుసరించి 1883లో కళాశాల యేర్పడినది. అది ఆయన పేరుతోనే నేటికిని నడచుచున్నది.

సుమారు వంద సంవత్సరముల తరువాత కలకత్తాలోని భారత గణాంకసంస్థవారు ఈ లోయకు వచ్చిరి. ఆ సంస్థాపకుడైన మహలనోబిస్ ఆహ్వానముపై లండనునుండి పామెలా రాబిన్సన్ అను శాస్త్రజ్ఞురాలు వచ్చి భారతీయ యువకులకు ఎముకలు త్రవ్వు విద్య నేర్పెను. కోట శిలలలోనుండి వారు మహాకాయముగల బారాపాసారసును వెలికితీసి, దాని అస్థిపంజరమును కలకత్తాలో నిలబెట్టిరి. అదే శిలలనుండి భారత భూగర్భ పరిశోధనశాఖవారు తీసిన కోటసారసును మీరు హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రములో చూడవచ్చును. ఆ రాళ్ళలోనే ఎలుకంత తొలి క్షీరదముల సన్నని దంతములును దొరకినవి. పాలిచ్చి పిల్లలను పెంచు మన వంశమువారు రాక్షసబల్లుల కాళ్ళసందున తిరుగుచుండిరన్నమాట.

మాలేరి మన్నులోను వారు త్రవ్విరి. అంతవరకు ముక్కలుగా మాత్రమే తెలిసిన పారాసూకస్ అస్థిపంజరములు రెండు అచ్చట ప్రక్కప్రక్కన దొరకినవి. తలమొదలు తోకవరకు ఎముకలు ఎక్కడివక్కడ నుండెను. మన్ను తొలగించుచు కడుపు ఉండవలసిన చోటికి వచ్చునప్పటికి లోపల వేరే ఎముకలు కనబడినవి. ఒక్కొక్క పారాసూకస్ కడుపులో ఒక్కొక్క చిన్న సరీసృపము. అంతకుముందు శాస్త్ర మెరుగని జాతి అది. ఇరువది రెండు కోట్ల సంవత్సరములకు పూర్వము మ్రింగిన ఆహారము అట్లే మిగిలియుండెను. దానికి 1980లో మాలెరిసారస్ అని, రాబిన్సన్ పేరును జోడించి నామకరణము చేసిరి.